ఐడిల్ స్క్రూ తిప్పితే ట్యూనింగ్ అయిపోదు

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ పాత కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) కారును షెడ్డుకు తీసుకెళ్లి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరగడం) నిలవడం లేదని చెప్పగానే, చాలామంది మెకానిక్‌లు ముందుగా చేసే పని థ్రాటిల్ స్క్రూ (అదే ఐడిల్ స్క్రూ) బిగించి రేస్ (ఇంజన్ తిరిగే వేగం) పెంచడం. ఇంజన్ ఆగకుండా తిరుగుతుంది కాబట్టి యజమాని కూడా సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. దీన్ని నేను మరమ్మతు అనను. లోపం ఎక్కడున్నదీ అక్కడే ఉంటుంది, పైగా ఇక కనిపించదు.

1962 నుంచి 1980 వరకు తయారైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీనే తీసుకుందాం. 1798 సీసీ ఇంజన్, ఎక్కువ కార్లకు రెండేసి ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు. దీనికి ముందుగా ట్యాపెట్ల సందును (వాల్వుల దగ్గరి ఖాళీని) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళానికి సరిచేయాలి, తర్వాత పాయింట్లు (స్పార్క్ పుట్టించే స్విచ్), టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) చూసి, మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి మిశ్రమం వెళ్లే గొట్టం) గాస్కెట్ దగ్గర గాలి లాగడం లేదని తేల్చుకోవాలి. అప్పుడు రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకొని వినాలి. గాలి, పెట్రోలు మిశ్రమం సంగతి కార్బురేటర్‌లోని పిస్టనే చెబుతుంది: దాన్ని సుమారు ఒక మిల్లీమీటరు పైకెత్తినప్పుడు రేస్ కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగా ఉన్నట్టు, పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు, ఇంజన్ ఆగిపోబోతే తక్కువైనట్టు. ఐడిల్ స్క్రూ జోలికి వెళ్లవలసింది ఇవన్నీ అయ్యాకే.

క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే ఇరుసు) విషయంలో తప్పు మెకానిక్‌లది కాదు, మన కార్ల ప్రియులదే. ఎంజీబీ కంపెనీ క్యామ్‌లో ఇన్‌లెట్ వాల్వు సిలిండర్‌లోని పిస్టన్ పైకి చేరడానికి 16 డిగ్రీల ముందే తెరుచుకుంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు ఆ తర్వాత 21 డిగ్రీలకు మూసుకుంటుంది; అంటే 37 డిగ్రీల పాటు రెండూ తెరిచే ఉంటాయి. పవర్ కోసం వేసే క్యామ్‌లలో ఈ వ్యవధి ఇంకా ఎక్కువ. రేస్ తక్కువగా ఉన్నప్పుడు కాలిన వాయువు ఇన్‌లెట్ వైపు వెనక్కి తన్ని కొత్త మిశ్రమాన్ని పలచన చేస్తుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పడిపోతుంది, ఇంజన్ తడబడుతూ తిరుగుతుంది. అది ఆ క్యామ్ స్వభావం. వేల రూపాయలు పోసి అలాంటి క్యామ్ వేయించుకొని, ఆ తర్వాత కొత్త కారులా మెత్తగా తిరగడం లేదని మెకానిక్‌ను తిట్టడంలో న్యాయం లేదు. పైగా ఆ క్యామ్ బలమంతా పై రేస్‌లోనే ఉంటుంది. యాత్రికుల బస్సుల వెనుక ఫస్ట్ గేరులో అలిపిరి వైపు పాకే ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు నొప్పి పుట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. తిరుపతిలో తిరిగే కారుకు కంపెనీ క్యామే చాలునని నా గట్టి అభిప్రాయం. (ఆ తడబడే శబ్దం కోసమే వేయించుకున్నామనే వారితో నాకు వాదన లేదు.)

చల్లని ఇంజన్ స్టార్ట్ చేయడానికి లాగే చోక్‌ను చాలామంది ఐడిల్ నిలబెట్టే మీటగా వాడుతున్నారు. పాత ఎస్‌యూలలో చోక్ లాగితే జెట్ (పెట్రోలు వచ్చే సన్నని గొట్టం) కిందికి దిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. మే నెల తిరుపతిలో దాని అవసరం దాదాపు ఉండదు. పలమనేరు వైపు డిసెంబరు ఉదయాల్లో సగం లాగి, ఇంజన్ వేడెక్కగానే లోపలికి నెట్టేస్తే సరిపోతుంది. వేడి ఇంజన్ మీద చోక్ లాగి నడిపితే ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది.

1200 మీటర్లకు పైగా ఎత్తున్న హార్స్‌లీ హిల్స్ ఎక్కినప్పుడు గాలి పలచబడి మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది, ఐడిల్ మొద్దుబారుతుంది. అక్కడ స్క్రూలు తిప్పకండి, అక్కడ మార్చిన సెట్టింగ్‌తో కిందికి దిగితే మిశ్రమం పలచనవుతుంది (పెట్రోలు తక్కువవుతుంది).

ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో దీనికి వ్యతిరేకమైన చిక్కు వచ్చింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్‌లో మిశ్రమం పలచనై, ఐడిల్ ఊగుతుంది, కార్బురేటర్‌లోంచి తుమ్ములు వస్తాయి. దీనికీ రేస్ పెంచడమే మందంటున్నారు. జెట్ నట్‌ను కాస్త కిందికి దించి పిస్టన్ ఎత్తి మళ్లీ చూసుకోవాలి, రోడ్డు మీద వేగంలోనూ లాగకపోతే నీడిల్ (జెట్‌లో కదిలే సూది) మార్చాలి, పాత రబ్బరు పెట్రోలు గొట్టాలను ఇథనాల్‌కు తట్టుకునే వాటితో మార్చుకోవాలి.