రంగపూర్ అంటు పెడితే బత్తాయికి ఇక తిప్పలే ఉండవా?

నల్లగొండ బత్తాయి రైతుల ఫోన్లలో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. బత్తాయి కన్నును అంటు కట్టడానికి వేరునిచ్చే రెండు నిమ్మజాతి మొక్కలు, జంబేరి, రంగపూర్‌ల గురించి అది. దాని సారం ఇది: "జంబేరి మీద కట్టిన తోటలన్నీ ఎండిపోతున్నయి. రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు పెడితే నీళ్లు లేకున్నా చెట్టు చావదు. ఉప్పునీళ్లు తట్టుకుంటది. ఎండుతెగులు, బంక, వైరస్ దరిదాపులకు రావు. అది అడవి జాతి, జన్యువులోనే శక్తి ఉంది. అయితే గింజ మొక్కల మీద కట్టినవి ఒక్కోటి ఒక్కో తీరు వస్తయి, చూసి కొనాలె. పాత తోట పీకి అవే గుంతల్లో పెట్టుకోవచ్చు."

సాత్‌గుడి బత్తాయికి మన ఎర్ర చెలకల్లో రంగపూర్ మంచి వేరుమూలమే (అంటులో వేరునిచ్చే కింది మొక్క). పరిశోధన స్థానాల సిఫారసు కూడా అదే. ఆ నిజం వెనుక నాలుగైదు అబద్ధాలు చాటుగా నడిచొస్తున్నాయి. కాబట్టి వరుసగా చూద్దాం.

"అది అడవి జాతి, జన్యువులోనే శక్తి ఉంది."

రంగపూర్ అడవి జాతి కాదు, సంకరం. కమలా జాతి తల్లి, దబ్బ తండ్రి. విచిత్రమేమంటే ఈ సందేశం తిట్టిపోసే జంబేరి కూడా కమలా, దబ్బల సంతానమే. ఆ మాటకొస్తే బత్తాయి కూడా సంకరమే, పంపరపనస, కమలా కలిసి పుట్టింది. ఒకే రెండు జాతుల సంతానమైనా రంగపూర్ ఉప్పులోని క్లోరైడును వేరులోనే ఆపుతుంది, జంబేరి అంతగా ఆపలేదు. వేర్లను పట్టే నులిపురుగు దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకటే, రెండింటికీ పడుతుంది. కరువును ఓర్చుకోవడం ఒక గుణం, ఉప్పును ఆపడం వేరే గుణం, బంక తెగులు తెచ్చే ఫైటోఫ్తోరాను తట్టుకోవడం ఇంకో గుణం. ఒకటి ఉంటే మిగతావి వెంట రావాలని లేదు. అందుకే నర్సరీలో "మంచి వేరుమూలమేనా?" అని అడిగితే లాభం లేదు, "దేనికి మంచిది?" అని అడగాలి.

"నీళ్లు లేకున్నా చెట్టు చావదు."

చావకపోవచ్చు. కానీ కాయ ఉండదు. రంగపూర్ వేరు చురుగ్గా, లోతుగా పోతుంది. నేల ఆరుతున్నప్పుడు జంబేరి కన్నా కొన్నాళ్లు ఎక్కువ నెట్టుకొస్తుంది. అంతే తప్ప నీటి లెక్క మారదు, ఎందుకంటే నీళ్లు ఆవిరయ్యేది పైనున్న బత్తాయి ఆకుల్లోంచి. పైగా వేరు చురుకైనదైతే పైన గుబురు పెరుగుతుంది, గుబురు పెరిగితే తాగే నీళ్లూ పెరుగుతాయి.

లెక్క వేసి చూడండి. గుబురు అడ్డకొలత 5 మీటర్లున్న చెట్టు కప్పే నేల దాదాపు 19.6 చదరపు మీటర్లు. మండు వేసవిలో పళ్లెం ఆవిరి (ఆరుబయట పెట్టిన కొలత పళ్లెంలోంచి ఆవిరయ్యే నీళ్లు) రోజుకు 10 మిల్లీమీటర్లనుకుంటే, దాన్ని పళ్లెం గుణకం 0.7తో, పంట గుణకం 0.7తో హెచ్చవేస్తే 4.9 మిల్లీమీటర్లు. అంటే చెట్టుకు రోజుకు సుమారు 96 లీటర్లు. గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగుంటే మూడు గంటలు నడవాలి. 6 మీటర్ల ఎడంతో ఎకరానికి 112 చెట్లు, అంటే 10,750 లీటర్లు. గంటకు 3,000 లీటర్లు పోసే బోరుకు ఎకరం తడపడానికే మూడున్నర గంటలు దాటుతుంది. రంగపూర్ పెట్టినంత మాత్రాన ఇందులో సగం కోసేయొచ్చని అనుకుంటే మార్చి నుంచి మే వరకు, కాయ గోలీ సైజులో ఉన్నప్పుడు, పాదుల్లో కాయ రాలుడు మొదలవుతుంది.

పూత కోసం పెట్టే బెట్ట (కొన్నాళ్లు నీళ్లు ఆపడం) విషయంలో ఈ మాట మరింత నష్టం చేస్తుంది. రంగపూర్ కదా, ఓర్చుకుంటదని కొందరు బెట్టను వారాలకు వారాలు సాగదీస్తారు. తేలిక చెలకలో, కింద మొరం తగిలే చోట, నల్లరేగడిలో పెట్టినన్ని రోజులు పెట్టకూడదు. రోజులు లెక్కపెట్టే బదులు చెట్టును చూడాలి: ఆకులు మధ్యాహ్నమే కాక పొద్దున కూడా మెలిపడి, నాలుగో వంతు రాలితే బెట్ట సరిపోయినట్టే. విప్పేటప్పుడు మొదటి తడి పలుచగా, వారం తర్వాత రెండోది ఇంకొంచెం ఎక్కువ, ఆ తర్వాతే నిండు తడి. ఎండిన వేరు మీద ఒక్కసారి పాదు నింపితే ఏమవుతుందో కింద చెప్తాం.

"ఉప్పునీళ్లు తట్టుకుంటది."

కొంత నిజం. క్లోరైడు ఆకుల దాకా ఎక్కకుండా ఆపే వేరుమూలాల్లో క్లియోపాత్రా కమలా, రంగపూర్ ముందుంటాయి. మరి ఎంత ఉప్పు? నీళ్లతో పూర్తిగా నానబెట్టిన మట్టి నుంచి తీసిన ద్రావణం ఈసీ (ఉప్పును కొలిచే విద్యుత్ వాహకత, మీటరుకు డెసిసీమెన్స్‌లో) 1.7 దాటితే నారింజ జాతి దిగుబడి పడటం మొదలై, ఆపై ఒక్కో యూనిట్‌కు 16 శాతం చొప్పున తగ్గుతుందని సాధారణంగా వాడే పట్టిక చెబుతుంది. అంటే ఈసీ 3 ఉన్న నేలలో అయిదో వంతు పోయినట్టే. రంగపూర్ ఆ నష్టాన్ని కొంత వెనక్కి నెడుతుంది, మాఫీ చేయదు. సోడియం వల్ల నేల గట్టిపడటాన్ని, బైకార్బొనేట్ల వల్ల ఇనుము, జింకు అందకపోవడాన్ని అదేమీ చేయలేదు. నాటకముందే బోరు నీళ్లు పరీక్ష చేయించండి.

డ్రిప్పు తోటల్లో ఒక జాగ్రత్త. ఉప్పంతా తడి వలయం అంచున పేరుకుంటుంది. తొలకరి జల్లు పడి డ్రిప్పు ఆపేస్తే, ఆ ఉప్పు లోపలికి, వేర్ల మీదికి దిగుతుంది. నేల బాగా నానే పెద్ద వాన పడేదాకా చిన్న జల్లుల రోజుల్లో డ్రిప్పు నడుపుతూనే ఉండాలి.

ఈ మధ్య ట్రైఫోలియేట్, కారిజో వేరుమూలాల వీడియోలు కూడా తిరుగుతున్నాయి. వాటికి సున్నపు నేలలు అసలు పడవు, ఆకులు పచ్చదనం పోయి తెల్లబోతాయి. గుంత మట్టి మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు వేసి చూడండి. బుసబుస పొంగితే ఆ ఆలోచన మానుకోండి.

"ఎండుతెగులు, బంక, వైరస్ దరిదాపులకు రావు."

ఇవి మూడు వేర్వేరు జబ్బులు. మూడింటినీ ఒకే సంచిలో కట్టడం దగ్గరే ఈ సందేశం దారి తప్పింది.

బంక తెగులుకు కారణం ఫైటోఫ్తోరా. రంగపూర్‌కు దీనికి చెప్పుకోదగ్గ నిరోధం లేదు. ఉన్నా ఉపయోగం తక్కువే, ఎందుకంటే అంటు కట్టిన చోటికి పైనున్న బెరడు బత్తాయిది, దానికి ఈ తెగులు సులువుగా పడుతుంది. నాటినప్పుడు అంటు ముడి నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. గుంత మట్టి నాలుగు తడులకే కుంగిపోతుంది గనుక ముందే కాస్త మెట్టగా నాటాలి. పాదు నీళ్లు మొదలును తాకకుండా లోపల చిన్న కట్ట, బయట పెద్ద కట్ట వేయాలి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి మొదలుకు రెండు మూడు అడుగుల ఎత్తు దాకా బోర్డో పేస్టు పూయాలి: మైలుతుత్తం కిలో 5 లీటర్లలో, సున్నం కిలో 5 లీటర్లలో వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, రెండూ ఒకేసారి మూడో బకెట్లో పోయాలి. ఇనుప కత్తి ముంచితే రాగి రంగు పూత పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకొంచెం వేయాలి.

ఎండుతెగులు కథ వేరు. ఫ్యుజేరియం వంటి శిలీంధ్రాలు దెబ్బతిన్న వేరునే పట్టుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న వేరులోకి చొరబడటం వాటికి అంత తేలిక కాదు. బెట్టకు బాగా ఎండి, ఆపై ఒక్కసారిగా నీళ్లలో మునిగిన వేరు వాటికి తెరిచిపెట్టిన తలుపు. ట్రాక్టరు దున్నుడుకు తెగిన వేరు కూడా అంతే. నీళ్లు లేకున్నా బతుకుతుందన్న మాట నమ్మి చెట్టును ఎండబెట్టినవాళ్లే ఎండుతెగులును చేజేతులా పిలుచుకుంటున్నారు. సందేశంలోని మొదటి హామీ ఇలా తెగులు రాదన్న హామీని మింగేస్తోంది.

ఏ తెగులో తేల్చుకోవాలంటే వేలెడు లావు వేరు ఒకటి తవ్వి కోయండి. లోపలి కట్టె బూడిద, గోధుమ రంగు తిరిగి పొడిగా ఉంటే ఎండుతెగులు. కట్టె బాగుండి, సన్నవేర్ల పైతోలు వేళ్ల మధ్య రాస్తే జారిపోయి దారంలాంటి తెల్ల పోగు మిగిలితే ఫైటోఫ్తోరా. మందు ఎంపిక ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

వైరస్ అంటే ఇక్కడ ట్రిస్టెజా. రంగపూర్ దీన్ని తట్టుకుంటుంది, ఆపదు. వైరస్ చెట్టులో ఉంటుంది, చెట్టు మాత్రం కూలదు. 1940 దశకంలో బ్రెజిల్‌లో పుల్లనారింజ వేరుమూలం మీది నారింజ తోటలు ట్రిస్టెజాకు లక్షల లెక్కన కూలినప్పుడు అక్కడివాళ్లను రంగపూరే ఆదుకుంది. తర్వాత చాలా తోటల్లో అదే నాటారు. 2000 ప్రాంతానికి అదే రంగపూర్ మీది చెట్లకు ఆకస్మిక మరణం అనే కొత్త జబ్బు తగిలి, మళ్లీ వేరుమూలాలు మార్చుకోవాల్సి వచ్చింది. ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్ (వైరస్ కన్నా చిన్న రోగకారకం) అంటు కట్టే కన్ను పుల్లల్లో ఉంటే రంగపూర్ బెరడు పగిలి చెట్టు గిడసబారుతుంది. ఇది కన్ను పుల్ల వెంట, కోసే కత్తి వెంట వస్తుంది. కాబట్టి వేరుమూలం ఏదని అడిగినంత గట్టిగా, కన్నులు ఏ తల్లిచెట్టువి, ఆ చెట్టుకు పరీక్ష చేయించారా అని కూడా అడగాలి.

ఆకులు పసుపు మచ్చలు తేలే గ్రీనింగ్ అనే మరో జబ్బుకు అయితే ఏ వేరుమూలమూ అడ్డుపడదు. అది సిల్లా పురుగు మోసుకొచ్చే బాక్టీరియా. ఆకును నడిమి ఈనె మీద మడిచి చూడండి. రెండు సగాల్లో పసుపు మచ్చలు ఒకదానికొకటి సరిపోతే జింకు లోపం, సరిపోకుండా అడ్డదిడ్డంగా ఉంటే గ్రీనింగ్ అనుమానించాలి.

"గింజ మొక్కల మీద కట్టినవి ఒక్కోటి ఒక్కో తీరు వస్తయి."

మామిడి, జామ చూసి చెప్పే మాట ఇది. రంగపూర్, జంబేరి గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి, వాటిలో ఎక్కువ భాగం పరాగంతో పని లేకుండా తల్లి కణజాలం నుంచే పుడతాయి. అవి అచ్చం తల్లిలాగే ఉంటాయి. ఒక జన్యువు ముందు చేరిన చిన్న డీఎన్ఏ ముక్క దీనికి కారణమని చైనా శాస్త్రవేత్తలు 2017లో చూపించారు. మిగిలిన కొద్ది మొక్కలు వేరు తీరుగా వస్తాయి. మరీ పొట్టివి, మరీ ఏపుగా ఎదిగినవి, ఆకు తేడా ఉన్నవి నారుమడిలోనే ఏరి పారేయడం నర్సరీ పని. కొనేవాళ్లు ఒక మొక్క సంచి చింపి తల్లివేరు మెలిపడిందా చూడాలి. వంకర తిరిగిన వేరు ఎంత గొప్ప జాతిదైనా పదేళ్లకు గాలికి ఒరుగుతుంది.

నాటాక అంటు ముడి కింద నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తీసేయాలి. లేత చిగురు ఊదా ఛాయలో ఉంటే అది వేరుమూలానిది. సాత్‌గుడి చిగురు లేత ఆకుపచ్చ, మొగ్గ తెల్లన. తీయకుండా వదిలిన పిలకకు నారింజ రంగు పుల్లకాయలు కాస్తే, "బత్తాయి జాతి మారింది" అని బెంగపడక్కర్లేదు, బత్తాయి కొమ్మను వేరుమూలం తొక్కేసిందంతే.

"పాత తోట పీకి అవే గుంతల్లో పెట్టుకోవచ్చు."

అన్నిటికన్నా డబ్బు తగలేసే సలహా ఇదే. పాత చెట్టు వేర్లలో నిమ్మజాతి నులిపురుగు, ఫైటోఫ్తోరా బీజాలు మిగిలే ఉంటాయి. రంగపూర్‌కూ ఆ నులిపురుగు పడుతుంది. లేత వేరు వాటికి మరింత ఇష్టం. పాత వేర్లు దొరికినంత మేరకు తవ్వి తీసి, గట్టున కుప్ప వేయకుండా చేనులోనే ఎండబెట్టి కాల్చాలి. గుంత వేసవంతా తెరిచి ఉంచి, రెండు మూడు పంటకాలాలు జనుము, కంది, జొన్న లాంటివి వేయాలి. ఆ నులిపురుగు వీటి మీద బతకదు. కొత్త గుంతలు పాత వరుసల నడుమ తీయాలి. తీశాక గుంత నిండా నీళ్లు పోసి మర్నాటి దాకా ఆగి చూడండి. అప్పటికీ నిలిచి ఉంటే ఆ చోట ఏ వేరుమూలమూ బాగుపడదు, ముందు నీరు పోయే కాలువ తీయాలి.