నిమ్మ ఉప్పు చవకే, కరవల్లా సరైన వేడికే

ప్లేట్లు, గ్లాసుల వంటి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై 2022 జులై 1న నిషేధం అమల్లోకి వచ్చింది. విశాఖ విందుల్లో చెరకు పిప్పి ప్లేట్లు పెరగాలంటే ముందు అవి సాంబారుకు నిలవాలి. అడుగు మెత్తబడకుండా ప్లాస్టిక్ పొర అంటించినా, ఫ్లోరిన్ రసాయనాలు కలిపినా నిషేధం ఉద్దేశమే దెబ్బతింటుంది. చవకైన మార్గం కిరాణా కొట్లోనే ఉంది: నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం.

నీరు చేరితే పిప్పి నారలోని ప్రధాన పదార్థమైన సెల్యులోజ్ గొలుసుల మధ్య పట్టు సడలుతుంది. సిట్రిక్ అణువుకు మూడు ఆమ్ల కొసలు ఉంటాయి. తగిన వేడి తగిలితే అవి పక్కపక్క గొలుసులతో ఎస్టర్ బంధాలు అనే రసాయన బంధాలు కట్టి వాటిని ముడివేస్తాయి. ప్లేటుకు పట్టించే ద్రావణానికి లీటరు నీటికి 60 గ్రాముల నిమ్మ ఉప్పు, బంధాలు త్వరగా పడేలా చేసే ఆహార శ్రేణి సోడియం హైపోఫాస్ఫైట్ 30 గ్రాములు పడతాయి. 10 గ్రాముల వంటసోడా కొద్దికొద్దిగా వేయాలి, ఒక్కసారే గుమ్మరిస్తే పొంగి పోతుంది. సోడా ఆమ్లపు ఘాటు తగ్గించి నారను కాపాడుతుంది. ఎక్కువైతే ఆమ్ల కొసలు సోడియం లవణంగా మారి బంధాలే కట్టవు. పాత్ర స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి, ఇనుము తగిలితే నార నల్లబడుతుంది.

ద్రావణం పట్టిన ప్లేటును 80–90 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, ఆ తర్వాత 160 డిగ్రీలకు తేవాలి. పలుచని కాగితానికి రెండు మూడు నిమిషాలు చాలు, మందపాటి ప్లేటుకు మధ్యభాగం వేడెక్కేదాకా ఆగాలి. అసలు తేడా వచ్చేది ఇక్కడే. 140 దగ్గర ఆపితే బంధాలు అరకొరగానే పడి, మిగిలిన ఆమ్లం పులుసులోకి దిగుతుంది. 180 దాటితే ప్లేటు పసుపుబారి, పెళుసెక్కి, అంచు విరుగుతుంది. మన సముద్రపు తేమలో నీడన ఆరబెడితే ఆమ్లం నీటితో పాటు పైకీ అంచులకూ చేరుతుంది. అప్పుడు అంచు పెళుసు, నడుమ మెత్తన. చివర గోరువెచ్చని నీటితో కడిగి మళ్లీ ఆరబెట్టక తప్పదు, ఆ ఇంధనం ఖర్చూ లెక్కలో ఉండాలి. ఇంత చేసినా నూనె ఇంకడం ఆగదు. పులిహోరకు పనికొస్తుందని అమ్మడం మోసమే. అడ్డాకు విస్తరికి ఈ తంటా ఏదీ లేదు, దొరికినచోట దాన్నే వాడాలి.

స్వయం సహాయక సంఘాలకు ప్లేట్లు ఒత్తే అచ్చు యంత్రాలు మాత్రమే ఇస్తే సరిపోదు. అనకాపల్లి బెల్లం బట్టీల్లో మండిపోయే పిప్పిని గుజ్జు చేసి ప్లేట్లుగా మార్చాలన్నా, ఉష్ణోగ్రత కచ్చితంగా నిలిపే ఉమ్మడి ఓవెన్ కావాలి. మహా విశాఖ నగర పాలక సంస్థ (జీవీఎంసీ) దాన్ని ఏర్పాటు చేయాలి. ప్రతి బ్యాచ్ నుంచి ఒక ప్లేటును అరగంట వేడినీటిలో నానబెట్టి, తడిసినప్పుడు దాని బలాన్నీ ఆ నీటి ఆమ్లతనీ కొలిచే పని ఆంధ్ర విశ్వకళా పరిషత్ ప్రయోగశాలకు అప్పగించాలి.