రంగు తీసేస్తే మీ గ్రాఫులో ఏం మిగులుతుంది?

కొంచెం పెద్ద పోస్టు, ముందే చెప్తున్నా. థీసిస్ రాస్తున్నవాళ్లు, పేపర్ పంపబోతున్నవాళ్లు, ఆఫీసులో నెలనెలా రిపోర్టులు తయారుచేసేవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. నేను మాట్లాడేది గ్రాఫులో గీత గురించి. అది నిండుగా ఉండాలా, తెగుతూ తెగుతూ ఉండాలా, చుక్కలుగా ఉండాలా, ఎంత లావుండాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్న సంగతి. మోడల్ మీద నెలల తరబడి కూర్చునే మనుషులు గీత దగ్గరికొచ్చేసరికి సాఫ్ట్‌వేర్ ఏది ఇస్తే అదే పట్టుకుపోతున్నారు. "అది డిజైన్ కదా మేడమ్, చివర్లో చూద్దాం" అంటారు. మీరు కొలిచింది ఎంతవరకు, ఊహించింది ఎక్కడ్నుంచి అని చదివేవాళ్లకి చెప్పేదే ఆ గీత. దాన్ని చివరికి వదిలేస్తే ఎలా?

ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కల, తార్నాక, విద్యానగర్ వైపు జిరాక్స్ షాపుల్లో ఒక సాయంత్రం నిలబడితే పరిస్థితి అర్థమవుతుంది. థీసిస్ కాపీలు కొన్ని కావాలి, పైన బైండింగ్ ఖర్చు. అన్ని పేజీలూ కలర్లో తీయించే స్తోమత చాలామంది స్కాలర్లకి ఉండదు, ఫెలోషిప్ డబ్బులు ఎప్పుడు పడతాయో తెలియనివాళ్లకి అసలే ఉండదు. "అన్నా, మొత్తం బ్లాక్ అండ్ వైటే తీయండి" అంటారు. లాప్‌టాప్‌లో ఎర్రగా, పచ్చగా, నీలంగా మెరిసిన గీతలన్నీ కాగితం మీద ఒకే బూడిద రంగులో, ఏది ఏదో తెలియకుండా వస్తాయి. ఈమధ్య ఒకమ్మాయి షాపు బల్ల మీదే కాపీలన్నీ పరుచుకుని, ప్రతి గీత పక్కనా పెన్నుతో సన్నగా ఎ, బి, సి, డి అని రాసుకుంటూ కనిపించింది. ఆ రోజే సబ్మిట్ చేయాలట. పొలాల వెంట తిరిగి, ఎండలో నిలబడి తెచ్చిన డేటా అది. నాకు చాలా బాధేసింది. ఒక్క లైను కోడ్‌తో పోయే ఇబ్బంది, ఆ ఒక్క లైనూ ఆ పిల్లకి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

అసలు ఇలా ఎందుకవుతుందో చూడండి. ఆర్‌లో (డేటా లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాష) జీజీప్లాట్2 అనే గ్రాఫుల ప్యాకేజీ వాడేవాళ్లకి రంగులు అదే ఇస్తుంది కదా, ఆ గులాబీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఏ రంగూ మిగతావాటికన్నా ఎక్కువ కొట్టొచ్చినట్టు కనబడకూడదని వాటన్నిటి వెలుగునీ ఒకే స్థాయిలో పెట్టారు, డిఫాల్టుగా వందకి 65. తెర మీద చూసేవాళ్లకి అది మంచి ఆలోచనే. కానీ రంగు తీసేశాక మిగిలేది ఆ వెలుగు ఒక్కటే, అదేమో అన్నిటికీ సమానం, కాబట్టి అన్ని గీతలూ దాదాపు ఒకే బూడిద. ప్రింటర్ తప్పేం లేదు, షాపులో అన్న తప్పు అసలే లేదు. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడినా ఇదే తంతు, గీత గీతకీ రంగు మారుస్తుంది తప్ప మీరు అడిగితేగానీ గీత తీరు మార్చదు. ఆర్‌లోనే మ్యాట్‌ప్లాట్ అని పాత ఫంక్షన్ ఒకటుంది (పైథాన్‌ది వేరు, ఇది వేరు), అది మాత్రం ఎవరూ చెప్పకుండానే రంగుతోపాటు గీత తీరు కూడా మార్చుకుంటూ పోతుంది. కొత్తవి కూడా అలా చేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

ప్రింట్ సంగతి పక్కన పెట్టినా, ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగా పట్టలేనివాళ్లు మన మధ్యే ఉంటారు, మగవాళ్లలో ఎక్కువ. మీ వైవాకి వచ్చే ఎగ్జామినరే అలాంటివారు కావచ్చు. వాళ్లకి కూడా తేడా తెలిసే ఓకాబే-ఇటో రంగుల సెట్‌ని 2020లో వచ్చిన ఆర్ 4.0.0లోనే చేర్చారు. వాడండి, మంచిది. కానీ దాంతో సరిపెట్టుకోవద్దు.

ఆర్‌లో గీత తీరుకి ఎల్‌టీవై (lty) అని ఒక ఆప్షన్ ఉంది. 1 అంటే నిండు గీత, 2 డ్యాష్‌లు, 3 చుక్కలు, 4 చుక్కా డ్యాషూ, 5 పొడుగు డ్యాష్, 6 రెండు సైజుల డ్యాష్‌లు. అందరూ ఇక్కడే ఆగిపోతారు, ఆగిపోయి "2కీ 5కీ తేడా తెలీట్లేదు మేడమ్" అంటారు. నిజమే, తెలీదు, సన్న గీతలో చిన్న బొమ్మలో అస్సలు తెలీదు. అయితే అంకె బదులు కొటేషన్ల మధ్య మీ సొంత ప్యాటర్న్ రాసుకోవచ్చు, చాలామందికి తెలియనిది ఇదే. "44" అని రాస్తే నాలుగు పాళ్లు గీసి నాలుగు పాళ్లు వదులుతుంది. "13" అంటే ఒక పాలు గీసి మూడు పాళ్లు వదలడం, చుక్కల గీతంటే లోపల అదే. "1343" అంటే చుక్క, ఖాళీ, డ్యాష్, ఖాళీ. ఇలా ఎనిమిది అంకెలదాకా రాయొచ్చు, అంకెల సంఖ్య సరిసంఖ్య అయ్యుండాలి, మధ్యలో సున్నా రాకూడదు, తొమ్మిది చాలకపోతే ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వాడితే పదిహేను వరకూ వెళ్తుంది. గీత లావు పెంచితే ఈ పాళ్లు కూడా దాంతోపాటే పెరుగుతాయి. జీజీప్లాట్‌లో లైన్‌టైప్ అన్నచోట కూడా ఇవే అంకెలు పనిచేస్తాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో అయితే లైన్‌స్టైల్ దగ్గర మొదట సున్నా, తర్వాత బ్రాకెట్లో 5, 2 అని ఇస్తే ఐదు గీసి రెండు వదులుతుంది, 2017 నాటి 2.0 వెర్షన్ నుంచి అక్కడ కూడా ఇది గీత లావుతో పాటు పెరుగుతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. మీరు ఏ గీత కోసం ఈ గ్రాఫు పెట్టారో అది నిండుగా, కాస్త లావుగా ఉండాలి. దేంతో పోలుస్తున్నారో అది "94" లాంటి పొడుగు డ్యాష్. మూడోది "13". నాలుగో గీత కావాలనిపిస్తే ముందు ఆ గ్రాఫుని రెండుగా విడగొట్టగలరేమో చూడండి. ఎనిమిది గీతలకి ఎనిమిది ప్యాటర్న్‌లు పెట్టి, వాటిని గుర్తుపట్టడానికి మళ్లీ మళ్లీ లెజెండ్ (ఏ గీత ఏదో చెప్పే పెట్టె) వైపు చూడమంటే ఏ పాఠకుడూ చూడడు. ఇంకోటి, రోజువారీ డేటాలా పైకీ కిందకీ ఊగే గీతకి డ్యాష్ పెట్టొద్దు, సరిగ్గా శిఖరం ఉన్నచోట ఖాళీ పడితే శిఖరమే మాయమవుతుంది. అలాంటి గీతని నిండుగా ఉంచి, దాన్ని సగటుచేసిన గీతకి డ్యాష్ పెట్టండి. లెజెండ్ పెట్టెని కూడా వెడల్పు చేయండి, డిఫాల్ట్ పెట్టెలో ఒక డ్యాషూ సగం ఖాళీ మాత్రమే పడితే అది ఏ గీతో ఎవరు చెప్పగలరు? గీత చివర్న పేరు రాసే చోటుంటే లెజెండే అక్కర్లేదు.

లావు విషయంలో చాలామంది తికమక పడతారు, దానికి కారణం ఉంది. ఆర్ మామూలు గ్రాఫుల్లో గీత లావుకి వాడే ఎల్‌డబ్ల్యూడీ (lwd) 1 అంటే అంగుళంలో 96వ వంతు. జీజీప్లాట్‌లో లైన్‌విడ్త్ 1 అంటే మిల్లీమీటర్ అనుకుంటారు, కానీ అది సుమారు ముప్పావు మిల్లీమీటరే. ఎప్పుడో దొర్లిన పొరపాటు, ఇప్పుడు సరిచేస్తే ఇన్నేళ్ల గ్రాఫులన్నీ మారిపోతాయని అలాగే ఉంచామని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసుకున్నారు. దానికితోడు 2022లో వచ్చిన జీజీప్లాట్2 3.4.0 వెర్షన్‌లో గీతలకి సైజ్ అనే మాట తీసి లైన్‌విడ్త్ అని పెట్టారు, అందుకే సీనియర్ ఇచ్చిన పాత కోడ్ నడిపితే వార్నింగులు వస్తాయి. కంగారు పడక్కర్లేదు, పేరు మార్చుకోండి చాలు. అసలు గండం సైజు దగ్గర ఉంది. బొమ్మని పెద్దగా సేవ్ చేసి, వర్డ్‌లో మూలలు పట్టుకుని చిన్నది చేస్తారు, గీతా చిక్కిపోతుంది, అక్షరాలూ చిక్కిపోతాయి, చుక్కల గీత చుక్కలన్నీ కలిసిపోయి నిండు గీతలా తయారవుతుంది. జర్నల్లో ఒక కాలమ్ వెడల్పు ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లే ఉంటుంది చాలాసార్లు, మొదట్నుంచీ ఆ సైజులోనే సేవ్ చేసి, ఆ ఫైలునే తెరిచి చూడండి. డ్యాష్ చివరలు గుండ్రంగా ఉన్నాయా, తెగ్గోసినట్టు ఉన్నాయా అన్నదాన్ని బట్టీ, పీడీఎఫా పీఎన్‌జీయా అన్నదాన్ని బట్టీ కూడా ఖాళీలు కొద్దిగా మారుతుంటాయి, తెర మీద కనిపించిందే ఫైల్లో ఉంటుందని నమ్మొద్దు.

ఇంతవరకూ కంటికి కనబడటం గురించి. నాకు నిజంగా కోపం తెప్పించేది గీత అబద్ధం చెప్పినప్పుడు. 1765లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త ప్రసిద్ధుల జీవితకాలాల్ని ఒక పెద్ద చార్టులో గీతలుగా గీశాడు. పుట్టిన ఏడాది, పోయిన ఏడాది తెలిసినచోట నిండు గీత, సరిగ్గా తెలియనిచోట చుక్కలు. రెండున్నర శతాబ్దాల కిందట, కంప్యూటర్ లేకుండా, తెలిసిందీ తెలియందీ ఒకేలా గీయకూడదన్న నిజాయితీ ఉంది ఆయనకి. ఇవాళ ఆర్బీఐ కూడా ద్రవ్యోల్బణం అంచనాలని ఒకే గీతలా చూపించకుండా ఫ్యాన్ చార్ట్‌గా, ముందుకెళ్లే కొద్దీ వెడల్పయ్యే నీడగా చూపిస్తుంది. మనవాళ్లేమో జరిగిన పన్నెండు నెలలూ, జరగబోయే ఆరు నెలలూ ఒకే నిండు గీతలో కలిపేస్తారు. ఒక కంపెనీ మీటింగులో నా కళ్లముందే అలాంటి స్లైడ్ చూపించారు, పెద్దాయన ఒకాయన చివరి బిందువు మీద వేలుపెట్టి "ఇది వచ్చేసిందిగా" అన్నారు. రాలేదు. అది అంచనా. డ్యాష్ గీత పెట్టి ఉంటే ఆ మాట వచ్చేదే కాదు.

ఎక్సెల్‌లో స్మూత్‌డ్ లైన్ అని ఒక టిక్ ఉంటుంది, అది చూస్తే నాకు టెన్షన్. గీత మెత్తగా వంపులు తిరుగుతూ అందంగా వస్తుందని అందరూ నొక్కేస్తారు. హైదరాబాద్ నెలవారీ వర్షపాతం తీసుకుని చేసి చూడండి. జులై, ఆగస్టుల్లో భారీగా పడుతుంది, చలికాలంలో దాదాపు ఏమీ ఉండదు. అంత ఎత్తు నుంచి కిందకి దిగి వంపు తిరిగేటప్పుడు ఆ గీత సున్నా కిందకి కూడా జారిపోగలదు. అంటే వాన మైనస్‌లో పడిందన్నమాట! డేటాలో లేని కొండలూ లోయలూ ఆ ఒక్క టిక్ తయారుచేస్తుంది. నెలకొక బిందువే ఉంటే బిందువుల్ని చూపించి, మధ్యలో తిన్నటి గీత కలపండి, అది చాలు.

అలాగే లేని డేటా. వానలు ముంచెత్తిన రోజుల్లోనే వాన కొలిచే పరికరం ఆగిపోవడం, కరెంటు పోవడం మామూలే. ఆ ఖాళీ రోజుల మీదుగా అటో బిందువుకీ ఇటో బిందువుకీ నిండు గీత లాగేస్తే, వరద రోజులన్నీ ప్రశాంతంగా గడిచినట్టు కనిపిస్తుంది. ఆర్‌లో ఆ రోజుల వరసల్ని ఉంచి విలువ దగ్గర ఎన్ఏ (NA, అంటే విలువ లేదు) అని పెడితే గీత అక్కడ తనే తెగుతుంది. "వార్నింగ్ వస్తోంది మేడమ్, ఎన్ఏలు తీసేశా" అంటారు, తీసేయగానే గీత కలిసిపోతుంది. ఎక్సెల్‌లో కూడా ఖాళీ గడుల్ని గ్యాప్‌గా వదలాలా, సున్నా అనుకోవాలా, గీతతో కలపాలా అని సెట్టింగ్ ఉంది. సున్నా ఎంచుకున్న గ్రాఫులు నేను ఎన్నో చూశాను, వాన పడనట్టు.

ఆర్టీసీ ఛార్జీల్లాంటివైతే మెట్ల గీత వాడండి. ఛార్జీ ఒక రోజున పెరుగుతుంది, మళ్లీ పెంచేదాకా అక్కడే ఉంటుంది, ఏటవాలు గీత గీస్తే రోజూ కొంచెం కొంచెం పెరిగినట్టే. ఆర్‌లో టైప్ అన్నచోట చిన్న ఎస్ ("s") అని, జీజీప్లాట్‌లో జియోమ్ స్టెప్ (geom_step) అని రాస్తే వస్తుంది.

జీజీప్లాట్ కొత్తగా నేర్చుకునేవాళ్లు అందరూ ఒకచోట ఇరుక్కుంటారు, అదీ చెప్పేస్తాను. ఏ డేటాని ఎలా చూపించాలో చెప్పే ఏఈఎస్ (aes) బ్రాకెట్ లోపల లైన్‌టైప్ డ్యాష్‌డ్ అని రాస్తారు, గీతేమో నిండుగా వస్తుంది, పక్కన లెజెండ్‌లో డ్యాష్‌డ్ అని పేరు పడుతుంది. ఆ బ్రాకెట్ లోపల రాసింది డేటా అనుకుంటుంది, ఒకే రకం డేటా కాబట్టి మొదటి తీరు, అంటే నిండు గీత ఇస్తుంది. బ్రాకెట్ బయట రాయండి. ఫలానా గ్రూపుకి ఫలానా ప్యాటర్న్ కావాలంటే స్కేల్ లైన్‌టైప్ మాన్యువల్‌లో గ్రూపు పేరుతో సహా ఇవ్వండి, లేకపోతే ఒక గ్రాఫులో డ్యాష్‌గా ఉన్న గ్రూపు పక్క గ్రాఫులో నిండుగా వచ్చి చదివేవాళ్లని తప్పుదారి పట్టిస్తుంది.

ఇవన్నీ చేయలేక చాలామంది పవర్‌పాయింట్‌లోకి తీసుకెళ్లి, గీత మీద చేత్తో ఇంకో గీత లాగుతారు. దయచేసి వద్దు. రేపు గైడ్ "ఒక ఊరి డేటా తీసేయండి" అంటే బొమ్మలన్నీ మళ్లీ చేత్తో గీయాలి, పైగా చేత్తో గీసింది డేటా మీదే కూర్చుందని ఎవరు హామీ ఇస్తారు? కోడ్‌లో రాస్తే ఎన్నిసార్లు డేటా మారినా గీత తనే సరిపోతుంది.

అమీర్‌పేటలో డేటా సైన్స్ చెప్పేవాళ్లకీ, మన యూనివర్సిటీల్లో స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్స్ చూసేవాళ్లకీ నా విన్నపం ఒకటే. ప్లాటింగ్‌ని అరగంటలో ముగించేయకండి. పిల్లల చేత ఒక గ్రాఫు చేయించి, బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీయించి, దాన్ని పక్కవాళ్లకిచ్చి ఏ గీత ఏదో చెప్పించండి. పక్కవాళ్లు చెప్పలేకపోతే మార్కులు కోయండి, నేను సీరియస్‌గానే అంటున్నా.

సబ్మిషన్ దగ్గర పడినవాళ్లు బైండింగ్‌కి ఇచ్చేముందు గ్రాఫులున్న పేజీలు మాత్రం ఒక్కసారి బ్లాక్ అండ్ వైట్‌లో తీయించి చూసుకోండి. గీతలు కలిసిపోతుంటే ఫోటో తీసి కింద పెట్టండి, ఆర్‌లో చేశారో పైథాన్‌లో చేశారో కూడా రాయండి, దేనికి ఏ ప్యాటర్న్ పెట్టాలో నేను చెప్తాను.