స్పీడ్ కెమెరాలు దోపిడీ అనే మెసేజ్‌కి నా జవాబు

నెల్లూరు, కావలి, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "హైవే మీద స్పీడ్ కెమెరాలు జనాన్ని దోచుకోవడానికే. ప్రమాదాలకు కారణం స్పీడు కాదు, రోడ్లు బాగాలేకపోవడం. కెమెరా చూసి సడన్ బ్రేక్ వేయడం వల్ల కొత్త ప్రమాదాలు జరుగుతున్నాయి. మిషన్ చూపించే స్పీడుకు గ్యారంటీ లేదు. సరుకు బళ్ల వాళ్ల పొట్ట కొడుతున్నారు. చలానా ఎవరూ కట్టకండి, కేసు నిలబడదు." దీన్ని పంపిన వాళ్లలో నాకు బాగా తెలిసిన వాళ్లు, నేను గౌరవించే వాళ్లు ఉన్నారు. అందుకే ఒక్కో మాటా విడిగా తీసుకుని జవాబు చెబుతున్నాను.

అన్నిటికీ మూలమైన మాట ముందు చూద్దాం: ప్రమాదాలకు కారణం స్పీడు కాదట. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. అందులో 71.2 శాతం మరణాలకు అతివేగాన్నే కారణంగా రాశారు. ఈ శాతం మీద నాకూ కొంత అనుమానం ఉంది. ఎఫ్ఐఆర్‌లో అసలు కారణం తేలకపోతే 'అతివేగం, అజాగ్రత్త' అని రాసేసి ముగించడం మనం చూస్తూనే ఉంటాం. కాబట్టి ఆ అంకెను పక్కన పెడదాం. ఎవరైనా కాగితం మీద వేసుకోగల లెక్క ఒకటి ఉంది.

గంటకు 100 కిలోమీటర్ల మీద పోయే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. 120 మీద అయితే 33. ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని చూసి బ్రేకు మీద కాలు వేసేసరికి ఒక సెకను పట్టిందనుకుందాం. రోడ్డు పొడిగా ఉంది, టైర్లు, బ్రేకులు బాగున్నాయి. 100 మీద వచ్చిన కారు సుమారు 83 మీటర్లలో ఆగుతుంది. 120 మీద వచ్చినదానికి 113 మీటర్లు కావాలి. ముప్పై మీటర్లే కదా తేడా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి రెండో కారు చేరేసరికి దాని స్పీడు ఇంకా 70 పైనే ఉంటుంది. ఆ చోట ఒక మనిషి ఉంటే, మొదటి డ్రైవరు అద్దం దించి తిట్టి పోతాడు. రెండో డ్రైవరు 108కి ఫోన్ చేస్తాడు.

ఆ చోట ఉండే మనిషి ఎవరో మన వాళ్లకి చెప్పక్కర్లేదు. పదహారో నంబరు జాతీయ రహదారి చాలా ఊళ్లకు ఇల్లు ఒక పక్క, పొలం ఒక పక్క చేసి పోయింది. టంగుటూరు, సింగరాయకొండ, ఉలవపాడు, కావలి, కోవూరు, ఈ వరసలో ఎక్కడైనా పొద్దున్నే నిలబడి చూడండి. కూలికి పోయే ఆడవాళ్లు డివైడర్ దగ్గర సందు కోసం కాచుకుని ఉంటారు. పాల క్యాన్లు కట్టుకున్న బండి అడ్డంగా దాటుతుంది. మామిడి సీజన్‌లో ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కనే కాయలు పెట్టి అమ్ముతుంటే కార్లు ఉన్నట్టుండి పక్కకు తిప్పి ఆపుతాయి. 2022లోనే దేశంలో 32,825 మంది నడిచిపోయేవాళ్లు వాహనాల కింద పడి చనిపోయారు. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రోడ్లు బాగాలేవన్న మాట నిజమే. సర్వీసు రోడ్డు లేని చోట్లున్నాయి, లైట్లు లేని క్రాసింగులున్నాయి, రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్లున్నాయి. అండర్‌పాస్‌లు కట్టమని, లైట్లు వేయమని గట్టిగా అడుగుదాం, నేనూ వస్తాను. అవి వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆ క్రాసింగ్ దాటే మనిషికి మిగిలిన రక్షణ, వచ్చే బండి ఆగగలిగే స్పీడులో రావడం. రోడ్డు బాగాలేదు కాబట్టి స్పీడుగా పోనివ్వండి అనే వాదన నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

సడన్ బ్రేకుల సంగతిలో కొంత వాస్తవం ఉంది, దాన్ని దాటేయను. కెమెరా కనపడగానే తగ్గించి, దాటగానే తొక్కేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. బ్రిటన్ కెమెరాల మీద లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, కెమెరాకు 500 మీటర్ల లోపు ప్రమాదాలు 17 నుంచి 39 శాతం, మరణాలు 58 నుంచి 68 శాతం తగ్గినట్టు తేలింది. కిలోమీటరున్నర దాటాక మాత్రం ప్రమాదాలు మళ్లీ పెరిగే సూచనలు కనిపించాయని కూడా అందులోనే ఉంది. అంతకుముందు 2010లో, పరిశోధనలను కూర్చి సమీక్షించే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 35 అధ్యయనాలను కలిపి చూస్తే, కెమెరాలున్న చోట ప్రమాదాలు 8 నుంచి 49 శాతం దాకా తగ్గాయి. బ్రేకుల వల్ల జరిగేవి కూడా ఈ మొత్తంలోనే కలిసి ఉన్నాయి. అవి కలిపినా మొత్తం తగ్గిందే. దాటగానే తొక్కేవాళ్లకు మందు కూడా ఉంది: రెండు చోట్ల కెమెరాలు పెట్టి, మధ్య దూరాన్ని బండి ఎంతసేపట్లో దాటిందో చూసి సగటు స్పీడు కట్టడం. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద ఈ పద్ధతి పెట్టారు. మన హైవే మీద కూడా ఇదే రావాలని నా కోరిక.

ఇక దోపిడీ మాట. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అతివేగానికి కారు లాంటి చిన్న బళ్లకు 1,000 నుంచి 2,000 రూపాయలు, లారీ, బస్సు లాంటివాటికి 2,000 నుంచి 4,000 దాకా జరిమానా ఉంది. బోర్డు మీద ఉన్న స్పీడులో పోయేవాడు కట్టేది సున్నా. 2021లో కేంద్రం తెచ్చిన 167ఎ రూల్ ప్రకారం, కెమెరా ఉన్న దారికి ముందే అందరికీ కనపడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. పరికరానికి ఏటా సర్టిఫికెట్ రెన్యూవల్ చేయించాలి. చలానా నోటీసు 15 రోజుల్లోపు పంపాలి, అందులో ఫొటో, కొలిచిన స్పీడు, తేదీ, టైము, చోటు ఉండాలి. బోర్డు లేకుండా చలానా వస్తే గొడవ చేయండి, అది మీ హక్కు. ఈ రూల్స్ పాటించమని అడిగే మెసేజ్ అయితే నేనే పది గ్రూపుల్లో పంపేవాణ్ణి. ఇంకో సంగతి: రోడ్డు పక్కన చేతిలో ఎంతో కొంత పెట్టి బయటపడే అలవాటు కెమెరా దగ్గర చెల్లదు. ఫలానా నాయకుడి మనిషినని చెప్పుకోవడానికీ అక్కడ ఎవరూ ఉండరు. బీద డ్రైవరుకీ, పెద్ద కారుకీ ఒకే రూల్ పడేది అక్కడే.

మిషన్ గ్యారంటీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రాడార్ తరంగం బండికి తగిలి వెనక్కి వచ్చేటప్పుడు వచ్చే మార్పును బట్టి స్పీడు తెలుస్తుంది. తప్పు చలానాలు ఎక్కువగా వచ్చేది నంబరు ప్లేటు దగ్గర. అంకె చెరిగిపోయి ఉంటుంది, లేదా ఎవడో మీ నంబరు దొంగప్లేటు మీద రాయించుకుని ఉంటాడు. ఫొటోలో ఉన్నది మీ బండి కాకపోతే ఆ ఫొటోయే మీ సాక్ష్యం.

సరుకు బళ్ల మాట నన్ను నిజంగా కదిలించింది, ఎందుకంటే డ్రైవర్ల కష్టం అబద్ధం కాదు. రొయ్యల లోడు ఐసు కరిగేలోపు చేరాలి, ఆలస్యమైతే మాట పడేది డ్రైవరే. కానీ లెక్క చూడండి. ఒంగోలు నుంచి నెల్లూరుకు సుమారు 120 కిలోమీటర్లు. రవాణా బళ్లకు స్పీడ్ గవర్నర్, అంటే స్పీడు హద్దు దాటకుండా ఆపే పరికరం, 80కి బిగించాలని రూల్స్ చెబుతున్నాయి. ఆ స్పీడుతో గంటన్నర పడుతుంది. 100 మీద తోలితే మిగిలేది 18 నిమిషాలు, అదీ ఎక్కడా ఆగకుండా పోతే. ఆ 18 నిమిషాల కోసం గుద్దే శక్తి సగానికి పైగా పెరుగుతుంది. చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మె వేసుకుని వచ్చే లారీ విషయంలో దీని అర్థమేమిటో ఆ డ్రైవర్లకే బాగా తెలుసు. రొయ్యల చెరువు గట్టు మీద లోడింగ్ మూడు గంటలు ఆలస్యం చేసి, ఆ టైమంతా రోడ్డు మీద రాబట్టమనే వాళ్లను అడగాలి. ట్రిప్పుకింత అని కట్టే పద్ధతి మార్చమని అడగాలి.

చివరిది, చలానా కట్టకండి అన్న సలహా. ఎలక్ట్రానిక్ పరికరాలతో నిఘా పెట్టడానికి చట్టంలో 136ఎ సెక్షన్ ఉంది, కాబట్టి కేసు నిలబడదన్నది వట్టి మాట. కట్టని చలానా బండి నంబరు మీద అలాగే ఉంటుంది, అమ్మే రోజున బయటపడుతుంది. తప్పనిపిస్తే కోర్టులో సవాలు చేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే తెరవకండి. అసలు చలానా అలా యాప్ ఫైలుగా రాదు. ప్రభుత్వ ఈ-చలానా సైటులో బండి నంబరు మీరే కొట్టి చూసుకోండి. ఇప్పటికే ఆ ఫైలు ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు ఫోన్‌లో నెట్ ఆపి, బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.