సవరణ: ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మీద మొన్న రాసినదాంట్లో తప్పులు

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అంటే ఇంటర్నెట్‌లో చాలామంది కలిసి ఆడే ఆట. మొన్న నేను దాని గురించి "ఈ ఆటని 2007 నుంచి ముట్టుకోకుండా అలాగే ఉంచారు, అందుకే జనం పోలేదు" అని రాశాను కదా, అది తప్పు, చదివినవాళ్ళు క్షమించాలి. అసలు జనం పోయారు. 2012 నవంబర్‌లో అసలు ఆట రూన్‌స్కేప్‌లో ఫైటింగ్ పద్ధతి మొత్తం మార్చేసేసరికి ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళు కూడా విసిగిపోయి వదిలేశారు, అప్పుడు ఆ ఆట తయారుచేసే జాగెక్స్ కంపెనీ వాళ్ళు తమ దగ్గరున్న 2007 ఆగస్టు నాటి బ్యాకప్ తీసి, ప్లేయర్లని ఓటు అడిగి, 2013 ఫిబ్రవరిలో దాన్ని ఓల్డ్ స్కూల్ పేరుతో వేరే ఆటగా తెరిచారు. పాత క్యారెక్టర్లు రాలేదు, అందరూ మళ్ళీ మొదటి నుంచే.

ఇంకోటి, ముట్టుకోకుండా ఏం లేరు, చాలానే మార్చారు, కాకపోతే అడిగి మార్చారు. కొత్తగా పెట్టేవాటికి ఎక్కువగా ఆటలోనే పోల్ ఉంటుంది, మొదట్లో 75 శాతం ఒప్పుకోవాలి, 2022లో 70కి తగ్గించారు. 2018లో ఫోన్‌లోకి కూడా వచ్చింది, దాని సంగతే నేను రాయలేదు, అది పెద్ద లోటు.

జనం నిలబడతారన్న మాట మీద మాత్రం నేను ఇప్పటికీ ఉన్నా. ఇందులో ఏదైనా ఒక పనిలో లెవెల్ 92కి వస్తే, చివరి లెవెల్ 99కి కావాల్సిన పాయింట్లలో సగమే అయినట్టు, అయినా నిన్న రాత్రి ఆటలో యూ అనే రకం చెట్టు దగ్గర నాతోపాటు ఇంకో నలుగురు గొడ్డళ్ళతో కొడుతూనే ఉన్నారు, ఒకరికి లెవెల్ పెరిగితే మిగతావాళ్ళందరూ చాట్‌లో కంగ్రాట్స్ చెప్పారు.