స్పీచ్ థెరపీ చదవాలనుకునే పిల్ల చేత తెలుగు మాన్పించకండి

మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి మొన్న వచ్చి, "అక్కా, నేనూ మీలా స్పీచ్ అండ్ హియరింగ్ చేస్తా. ఇప్పట్నుంచే ఏం చదవాలి?" అంది. నేను నోరు తెరిచేలోపే వాళ్ళమ్మ అందుకుంది. "బయాలజీ ట్యూషన్ పెట్టించాం. ఇంట్లో తెలుగు మానేశాం, ఇంగ్లీషు బాగుపడాలి కదా."

ఆ రెండో మాట నాకింకా మింగుడు పడలేదు.

సైన్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. స్పీచ్ అండ్ హియరింగ్ డిగ్రీని బీఏఎస్ఎల్‌పీ అంటారు. నాలుగేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. పీయూసీలో, అంటే ఇక్కడి ఇంటర్‌లో, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. మూడోది బయాలజీకి బదులు మ్యాథ్స్ అయినా మైసూరులో ఈ చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆయిష్‌లో చేర్చుకుంటారు. తొమ్మిదిలో వచ్చే ధ్వని పాఠాన్ని మాత్రం పైపైన చదివి వదిలేయకండి. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా చెవి ఎంత వింటోందో చూపించే గ్రాఫే ఆడియోగ్రామ్. ధ్వని పీడనం పదింతలైతే 20 డెసిబెల్స్ పెరుగుతుంది, అక్కడ లాగరిథమ్స్ కావాలి.

ఇక భాష. బెంగళూరులో తెలుగు ఇళ్ల పిల్లలు ఎంతమందో! నా దగ్గరికొచ్చిన ఒక బాబు, నాలుగున్నరేళ్లు, కాకిని 'తాతి' అనేవాడు, అక్కని 'అత్త' అనేవాడు. తెలుగు అరకొరగా వచ్చిన థెరపిస్టు అయితే వాడు అత్తనే పిలిచాడనుకుంటుంది. నాలుక వెనకభాగం లేవాల్సిన చోట కొన లేస్తోంది, క-వర్గమంతా త-వర్గంలోకి జారిపోయింది. అది చప్పున పట్టుకున్నానంటే ఆరో తరగతిలో మా తెలుగు మాస్టారి పుణ్యం. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అంటూ గొంతు నుంచి పెదవుల దాకా మా చేత పలికించి, నాలుక ఎక్కడ తగిలిందో అడిగేవారు. కాలేజీలో ఫొనెటిక్స్ క్లాసులో కూర్చుంటే సగం పాఠం నాకు ముందే వచ్చు.

ఇంట్లో రెండు మూడు భాషలుంటే పిల్లలకి మాటలు ఆలస్యమవుతాయనే భయం కూడా వదిలేయండి. అది నిజం కాదు. ఆ భయంతో అమ్మానాన్నలు తమకే సరిగ్గా రాని ఇంగ్లీషులో పిల్లలతో ముక్తసరిగా మాట్లాడుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆ అమ్మాయికి మూడు పనులు చెప్పాను. అమ్మమ్మతో రోజూ తెలుగులో మాట్లాడు. కన్నడ చదవడం, రాయడం నేర్చుకో. మీ పిన్ని కూతురు మూడేళ్లది కదా, అది ఏ మాట ఎలా అంటే అలాగే, దిద్దకుండా, తెలుగు అక్షరాల్లో రాసిపెట్టు.

నిన్న నోట్‌బుక్ పట్టుకొచ్చింది. మొదటి పేజీలో: 'కుక్క – తుత్త.' మూడేళ్లకి అది మామూలేనని చెప్పి, నాలుక ఎక్కడ తగులుతోందో అడిగాను. రెండుసార్లు పలికి చూసుకుని, పళ్ల వెనకాల అంది.