చరిత్ర రాసేవారికి ఒక మనవి

మండల కేంద్రాలు అనబడే మన చిన్న ఊళ్లకు సరైన చరిత్ర లేదని పండితులు తెగ బాధపడుతుంటారు. ఎందుకు లేదండీ? బస్టాండు నుంచి ఎమ్మార్వో ఆఫీసు దాకా నడిచి చూడండి. అడుగడుగునా నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాల్లో రాసే ఉంది. చదివే నాథుడే లేడు.

ముందు పద్ధతి తెలుసుకోవాలి. ఏ ఊరి చరిత్రయినా త్రేతాయుగంలోనే మొదలవ్వాలి. సీతారాములు కనీసం ఒక రాత్రి బస చేసి ఉండాలి. కుదరకపోతే పాండవులున్నారు. ఇన్ని ఊళ్లలో విడిది చేయడానికి పన్నెండేళ్ల వనవాసం ఎలా సరిపోయిందని లెక్కలు తీయకూడదు. తర్వాత ఎవరో ఒక రాజుగారు గుడి కట్టించి, చెరువు తవ్విస్తారు. అక్కణ్నుంచి ఒకే అంగలో 1985కి, అంటే మండలాలు పుట్టిన ఏడాదికి దూకేయవచ్చు. మధ్యలో ఏం జరిగిందని అడిగేవాడు కచ్చితంగా పక్క ఊరివాడే.

ఆ మధ్య భాగం కోసమే రెండొందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దొర తాపత్రయపడ్డాడు. కావలి సోదరుల వంటి సహాయకులు ఊరూరా కైఫియత్తులు, అంటే ఊరి చరిత్ర రాసిన కాగితాలు, సేకరించారు. ఊరి లెక్కలు రాసే కరణాలు కవిలెలు, అంటే పాత లెక్కల పుస్తకాలు, దులిపి వివరాలిచ్చారు. వాటిలో చాలావాటిని తిరగేస్తే ఏ దేవుడికి ఎంత మాన్యం, ఎవరికి ఏ ఇనాం అన్న సంగతులు దండిగా కనిపిస్తాయి. దొర రాసుకుంటున్నాడంటే రేపు సాక్ష్యానికి పనికొస్తుందని కరణంగారికి తోచిందేమోనని నా అనుమానం. 1984లో కరణం ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆ ముందుచూపు మాత్రం రద్దవలేదు.

తెలుగులో తొలి శాసనంగా చెప్పుకొనే కలమళ్ల శాసనం క్రీ.శ. 575 నాటిది. దాన్ని వేయించిన రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు కొద్ది పంక్తుల్లో ముగించాడు. పాపం, ప్రోటోకాల్ తెలియదు. మన మండల కేంద్రంలో సులభ్ కాంప్లెక్స్ ఫలకం చూడండి: గౌరవనీయులు పద్నాలుగు మంది. మరుగుదొడ్డి అన్న మాట అడుగున, చీమ తలకాయంత. ఆరో పేరు మీద సున్నం కొట్టి ఉంటుంది, ఆయన పార్టీ మారారు. లోపలికి వెళ్లాలంటే తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఏ శాసనమూ చెప్పదు.

ఆ ఫలకానికే వీపులానించి రిటైరైన పెద్దలు పొద్దున్నే కొలువు తీరతారు. పేపరు ఒక్కటే, జిల్లా పేజీ ఒకరికి, సినిమా పేజీ మరొకరికి. బస్టాండు కింద చెరువు ఎప్పుడు పూడ్చారో, ఎవరి వాటా ఎంతో వాళ్లకు కంఠతా వచ్చు. రాయరు. పిల్లలు ఊళ్లో బతకాలి కదా! వానాకాలం వస్తే చెరువే వచ్చి బస్టాండులో మోకాళ్లోతున నిలబడి సాక్ష్యమిస్తుంది. దాన్ని మనం డ్రైనేజీ సమస్య అంటాం.

అసలు పాత శాసనం ఎక్కడుందంటారా? మెయిన్ రోడ్డు కాలువ మీద అడ్డంగా పరిచి ఉంది. అక్షరాలున్న వైపు కిందకి. తిరగేసి చదవాలంటే ట్రాఫిక్ ఆపాలి. అందుకని కమిటీ వేశారు. ఇక్కడ ప్రాచీన శాసనం కలదు అంటూ పక్కన కొత్త ఫలకం పెట్టాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. రాయి వచ్చేసింది, పాలిష్ కూడా అయింది. మొదటి పేరు ఎవరిదన్న దగ్గర ఆగింది.